లోపలి వైపు చిలకలు

ఆమదాలవలస,
12-6-1968

అక్కకి ఎల్లాజీ దండాలు. బావకి కూడా చెప్పు. పొలం వదిలేసి బండి కొన్నానన్న కోపం ఇంకా తగ్గకపోతే నా పేరు ఎత్తకుండా చెప్పు.

బండి బాగానే తిరుగుతోంది. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపు పికప్ అని చిన్నచూపు చూసినవాళ్ళే ఇప్పుడు సంత ముందురోజు మా గుమ్మంలో నిలబడుతున్నారు. వంకాయలూ, వేరుశనక్కాయలూ, గంపలూ, ఒక్కోసారి మేకలూ. గరివిడిలో ఫ్యాక్టరీ జనం పెరిగాక అక్కడికి కూరగాయలు ఎన్ని తోలినా చాలడం లేదు.

చిక్కంతా బండి ముందు భాగంలోనే ఉంది. నాకొక సీటు, పక్కనొక సీటు, రెంటికీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలోనే నా సరంజామా అంతా దొర్లుతుంది. పర్మిట్ కాగితాలు, టార్చిలైటు, పానాలు, మరచెంబు, నా చుట్టల డబ్బా. మొన్న చీపురుపల్లి దాటాక మలుపు తిరుగుతుంటే మరచెంబు దొర్లి బ్రేకు కింద దూరింది. నేను తొక్కుతుంటే బ్రేకు దిగదు, ఎదురుగా గొర్రెల మంద! బండిని గట్టు మీదికి ఎక్కించేశాను. గొర్రెలు బతికాయి, నేనూ బతికాను. గొర్రెలాయన తిట్టిన తిట్లు నీకు రాయలేను, నువ్వు ఆడదానివి.

అందుకని రెండు సీట్ల మధ్యన ఒక చెక్కపెట్టె చేయిస్తున్నాను. మోచెయ్యి ఆనించుకునేంత ఎత్తు, మూత, లోపలంతా ఒకటే అర. సోములని ఇక్కడ వడ్రంగి ఉన్నాడు. మామిడి చెక్కతో చేసిచ్చాడు. నెల తిరక్కుండా పగిలింది. కిందనుంచి గేరుపెట్టె వేడి, పైనుంచి ఎండ, రోడ్డంతా కుదుపు. బాగా ఆరిన చెక్క కావాలట. చూద్దాం.

కన్యాకుమారి అలాగే ఉంది. పోయినేడు బిడ్డ పురిట్లోనే పోయిన దగ్గర్నుంచీ గడప దాటదు. వంట చేస్తుంది, నేను తింటే తింటుంది. బండెక్కమంటే తల అడ్డంగా ఊపుతుంది.

ఇంకొక్క మాట. మీ అటక మీద మన ఉయ్యాల ఉంది కదా. దాన్ని తిలారు స్టేషనులో పార్సిలు వేసి పంపించు. ఎందుకని అడక్కు.

నీ తమ్ముడు
ఎల్లాజీ


శ్రీముఖలింగం,
21-6-1968

ఒరే ఎల్లాజీ,

నువ్వు నూరేళ్ళు బతకాలిరా. నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఒక్కదాన్నే ఏడ్చాను. మీ బావ చూసి "ఏటయ్యిందే నీకు?" అన్నాడు. "గొర్రెలు బతికాయి" అన్నాను. నాకు మతి పోయిందనుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

గొర్రెల కథా పెట్టె కథా మూరెడు రాసి, అసలు మాట చివర్న రెండు ముక్కల్లో రాస్తావా! చిన్నప్పుడూ ఇంతే. తేలు కుట్టినా ముందు కబుర్లన్నీ చెప్పి ఆఖర్న చెప్పేవాడివి. అడక్కన్నావు, అడగను. కొన్ని మాటలు నోటితో అనుకోకపోతేనే మంచిది. ఆ మాత్రం నాకు తెలుసు.

ఉయ్యాల రేపే పంపుతున్నాను. కుంకుడు రసంతో తోమి కడిగాను. పలకల మీద చెక్కిన చిలకలు ఎంత బాగా తేలాయో! అంచు మీద నీ పాలపళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తు పెట్టుకో. దాన్ని ఇంట్లోకి తేకు. కన్యాకుమారి కంట పడనియ్యకు. బండి పాకలోనే గోనె కప్పి ఉంచు.

పార్సిలుతో పాటు ఉసిరికాయ పచ్చడి జాడీ పంపుతున్నాను. పుల్లటిది ఏమడిగినా పెట్టు. బిందెలు మొయ్యనియ్యకు. బండి ఎక్కమని దాన్ని సతాయించకు, నీ బండి కుదుపులకి ఒళ్ళు హూనమవుతుంది. ఎక్కనంటోందంటే దానికి నీకంటే బుద్ధుంది.

నాన్న ఉంటే ఎంత సంతోషపడేవాడో. ఆయన చేత్తో అటక మీద పెట్టిన వస్తువు. మంచి పనికే అడిగావు. చల్లగా ఉండండి.

మీ అక్క
జగ్గమ్మ


ఆమదాలవలస,
18-7-1968

అక్కకి,

ఉయ్యాల అందింది. పచ్చడీ అందింది. కన్యాకుమారి రెండు పూటలా అదే వేసుకుంటోంది. చాలా రోజులకి ఒక పదార్థం అడిగి తినడం చూశాను.

ఒక సంగతి చెప్పాలి. ఉత్తరం డబ్బాలో వేసి వచ్చిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. నువ్వు ఒప్పుకోవనుకున్నాను. "మంచి పనికే అడిగావు" అని నువ్వు రాసింది చదివాక గుండె మీద బరువు దిగింది. కన్యాకుమారి కంట పడనియ్యకు అన్నావు చూడు, అక్కడే తెలిసింది నీకంతా అర్థమైందని. నువ్వు చెప్పినట్టే పాకలోనే పని జరుగుతోంది. అటుకేసి అది రాదు.

సోములు మొదట అట్టముక్క కత్తిరించాడు. బండి నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని కింద గేరుపెట్టె. ఆ వంపుకి సరిపోయేలా అట్టని కోసి, చూసి, మళ్ళీ కోసి, ఆఖరికి పెట్టె అడుగుని దాని మీద గీశాడు. ముందు వైపు గేరురాడ్డు తిరగడానికి చోటు వదిలాడు. లేకపోతే రెండో గేరు వేసిన ప్రతిసారీ నా వేళ్ళు నలుగుతాయి. కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పరిచాం, కుదుపు చెక్కకి తగలకుండా. మూరన్నర పొడవు, మూర కంటే కొంచెం తక్కువ వెడల్పు. మూత మీద కొబ్బరిపీచు పెట్టి రెక్సిన్ కొట్టించాలి.

బావకి ఈ సంగతులు చెప్పు. పట్టనట్టే మొహం పెట్టి వింటాడు.

నీ తమ్ముడు
ఎల్లాజీ


శ్రీముఖలింగం,
16-8-1968

ఒరే ఎల్లాజీ,

పెట్టె పెట్టె అని ఉత్తరమంతా ఆ పెట్టెతోనే నింపేశావు! మగాళ్ళకి సంతోషం వస్తే ఏదో ఒక వస్తువు మీద పడతారు. నాకు పద్మ పుట్టే ముందు మీ బావ కోళ్ళగూడు కట్టాడు. రెండు కోళ్ళకి అంత గూడు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు.

నేను ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. నా లెక్కలో ఐదో నెల వచ్చి ఉంటుంది, ఇక అనుకోవచ్చు. కన్యాకుమారికి సీమంతం ఎప్పుడు? ఏడో నెలలో చేద్దామా, తొమ్మిదిలోనా? దాని అమ్మ లేదు కదా, పురుడు నేనే పోస్తాను. ఇక్కడికే తీసుకురా. మొదటిదానికి ఏదో దోషం తగిలింది, ఈసారి ముఖలింగేశ్వరుడు చూసుకుంటాడు.

ఇంకో కబురు కూడా దాచాను. మన పద్మకుమారి కూడా కడుపుతో ఉంది. ఈ నెలలోనే ఇంటికి తెచ్చుకుంటాం. కార్తీకంలో పురుడు. మీ ఇంట్లో అంత కష్టం జరిగాక ఈ మాట మీకెలా రాయాలో తెలియక ఊరుకున్నాను. అంతలోకి నువ్వే ఉయ్యాల అడిగావు. పద్మని అడిగాను, "నీ పిల్లకి ఏటి సెయ్యమంటావే?" అని. "అత్తకే ముందు పంపమ్మా. నా పిల్లని సీర ఉయ్యాల్లో ఏద్దాం. తర్వాత ఇద్దరు పిల్లలూ మార్సి మార్సి పడుకుంటారు" అంది. అది నా కడుపున పుట్టిందేనా అనిపించింది.

కన్యాకుమారిని కుడి పక్కకి తిరిగి పడుకోవద్దని చెప్పు.

మీ అక్క
జగ్గమ్మ


ఆమదాలవలస,
23-8-1968

అక్కా,

నీ ఉత్తరం నా చేతికి రాలేదు. నేను గరివిడి వెళ్ళిన పూట పోస్టుమాను దాన్ని కన్యాకుమారి చేతికి ఇచ్చాడు. నేను మరొకరి బండిలో గరివిడి వెళ్ళాను, నా బండికి స్ప్రింగు పట్టీ విరిగితే పాకలోనే వదిలేశాను. వచ్చేసరికి పాక తలుపు తీసి ఉంది. బండి తలుపు తీసి ఉంది. కన్యాకుమారి పక్క సీట్లో కూర్చుని, పెట్టె మూత ఎత్తి లోపలికి చూస్తోంది. నీ ఉత్తరం ఒళ్ళో ఉంది.

మా ఇంట్లో కబురేమీ లేదక్కా. ఉయ్యాల పెట్టె కోసమే అడిగాను. సోములు దాన్ని కోసేశాడు. నువ్వు తెలిసే పంపావనుకున్నాను. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు కావలసిన అర్థమే కనిపించింది.

మంచి చెక్క అన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. పోయినేడు ఆసుపత్రినుంచి ఉత్త చేతుల్తో వచ్చిన రోజు నుంచీ మీ అటక మీద అదొకటి ఉందన్న ఆలోచనే నన్ను పొడుస్తోంది. ఇక పిల్లలు కష్టమని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. ఈ మాట నీకూ చెప్పలేదు, కన్యాకుమారికీ చెప్పలేదు. ఉయ్యాల ఉయ్యాలగా ఉన్నంతకాలం బిడ్డ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. పలకలుగా మారిపోతే ఇక ఎదురుచూడదు అనుకున్నాను. చిలకలున్న పలకల్ని లోపలి వైపుకి తిప్పమని సోములుతో నేనే చెప్పాను, బయట ఎవరికీ కనిపించకుండా.

కన్యాకుమారికి ఆ రోజే అన్నీ చెప్పేశాను. పెట్టె మూత వేసేసింది. తర్వాత అంది: "సిలకల్ని లోపలికి తిప్పీసినావేటి? నాను సూస్తానని బయమా? సెక్క నరికినందుకు కాదు, నాకు సెప్పకుండా నరికినావు సూడు, అందుకు. ఆ బిడ్డ నీ ఒక్కడికే పోయిందేటి?"

పద్మ కబురు విని సంతోషించాలి. సంతోషం వస్తోంది, దాని వెనకే సిగ్గు వస్తోంది. పద్మ పిల్లకి పడక లేకుండా చేసింది నేనే.

ఎల్లాజీ


శ్రీముఖలింగం,
30-8-1968

ఎల్లాజీకి,

రంపం పట్టించావా దానికి?

నేను అందులో పడుకున్నాను. నువ్వు పడుకున్నావు. పద్మ పడుకుంది. అమ్మకి జ్వరం వచ్చిన ఏడు నిన్ను అందులో వేసి ఊపింది నేను, నాకు ఎనిమిదేళ్ళు. తాడు పట్టుకుని ఊపుతూ ఊపుతూ నిలబడే నిద్రపోయేదాన్ని. అది నీ ఒక్కడి సొత్తా?

నా కోపం రెండు రకాలుగా ఉంది. ఒకటి నీ మీద. రెండోది నా మీద. సీమంతం అనీ, కుడి పక్కన పడుకోకు అనీ రాసిన ఉత్తరాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాను. అది చదువుకుంటూ బండిలో ఒక్కర్తీ కూర్చుందంటే నాకు అన్నం సయించడం లేదు. ఆ రెండో కోపానికి కూడా నిన్నే తిట్టాలనిపిస్తోంది. పెట్టె సంగతీ ఉయ్యాల సంగతీ ఒక్క ఉత్తరంలోనే రాశావు, నేను కలిపి చదవలేకపోయాను. నాకు ఒకటే కనపడింది, ఏంచెయ్యను!

పద్మ "పోన్లే అమ్మా, మావ మాత్రం ఏటి సేస్తాడు" అంటోంది. అది అలా అంటుంటే ఇంకా మండుతోంది.

ఆ బండిని మా వాకిట్లోకి తేకు. ఆ పెట్టె నేను చూడలేను.

జగ్గమ్మ


ఆమదాలవలస,
19-9-1968

అక్కకి,

తిట్టినా సరే ఉత్తరం రాశావు, అది చాలు. బండి మీ వాకిట్లోకి రాదు.

సోములుతో కొత్త ఉయ్యాల మాట్లాడాను. టేకు చూసి వచ్చాడు. పద్మ పురుటికి అందుతుంది. ఒద్దనకు.

ఒక విశేషం. పోయిన వారం తెల్లారి నేను బండి తీస్తుంటే కన్యాకుమారి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఎక్కడికంటే, "నువ్వెక్కడికెల్తే అక్కడికి. ఇంట్లో గోడల్ని ఎంతకని సూస్తాను?" అంది. మొదట్లో పెట్టెకి దూరంగా, తలుపుకి అతుక్కుని కూర్చునేది. కాగితం కావాలన్నా నేనే మూత తీసుకోవాలి. నిన్న పాలకొండ రోడ్డులో దాహమేస్తోందని అన్నాను. తనే మూత ఎత్తి మరచెంబు తీసి ఇచ్చింది. మూత వెంటనే వెయ్యలేదు. చిలక ముక్కు మీద వేలు పెట్టి రాసింది. నేను రోడ్డు చూస్తున్నట్టే ఉన్నాను.

సంతలో వంకాయల బేరం నాకంటే బాగా ఆడుతోంది. నిన్న ఒకడితో పోట్లాడింది కూడా. దాని గొంతు అంత పెద్దదని నేను మరిచిపోయాను.

నీకు ఈ మాట రాయమంది: "వదిన మీద నాకు కోపం నేదని రాయి. నాకోసం తన కూతురి ఉయ్యాల ఇచ్చీసింది. అలాగెవురిస్తారు?"

ఎల్లాజీ


శ్రీముఖలింగం,
2-10-1968

ఎల్లాజీకి,

కొత్త ఉయ్యాల వద్దు. సోములుతో చెప్పెయ్యి. వద్దంటే వద్దు.

పద్మ ఇక్కడే ఉంది, బాగుంది. కన్యాకుమారికి నా దీవెనలు. ఆ పిల్ల గొంతు పెద్దదే. పెళ్ళిలో మీ బావ దాన్ని వేళాకోళం చెయ్యబోతే ఇచ్చిన జవాబు నాకు జ్ఞాపకమే.

జగ్గమ్మ


శ్రీముఖలింగం,
27-11-1968

ఒరే ఎల్లాజీ,

నిన్న మీరు వెళ్ళాక ఇల్లంతా బోసిగా ఉంది. పద్మ నిద్రపోతోంది, పిల్ల నిద్రపోతోంది, మీ బావ గుమ్మంలో కూర్చుని బురదలో నీ బండి చక్రాల జాడ చూస్తున్నాడు. అందుకని రాస్తున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు నా నోరు పెగల్లేదు.

పద్మ పురుడయ్యాక శ్రీకాకుళం ఆసుపత్రిలో ఇంటికి వెళ్ళొచ్చన్నారు. బయట చూస్తే ముసురు. వంశధార పొంగింది, ఈ వైపు బస్సులు లేవు. ఆ చలిలో పిల్లని పెట్టుకుని ఎక్కడ ఉంటాం? నీ పేరు నేను ఎత్తలేదు. మీ బావే లేచి తువ్వాలు నెత్తిన వేసుకున్నాడు. "బావమరిది బండి ఉన్నాది కదా, ఎల్లి తెస్తాను" అన్నాడు. పొలం అమ్మి ఇనుము కొన్నాడని ఊరంతా చాటినవాడే! నేను ఔననలేదు, కాదనలేదు. వాకిట్లోకి తేవద్దని రాసింది నేనే కదా.

వెనకాల గడ్డి పరిచి, టార్పాలిన్ కట్టి, పద్మనీ నన్నూ మీ బావనీ కూర్చోబెట్టావు. జల్లు పడుతోందని పిల్లని ముందుకి, కన్యాకుమారి చేతుల్లోకి ఇచ్చాను. అది తీసుకుంటుందో లేదో అనుకున్నాను. తీసుకుంది.

నరసన్నపేట దాటాక ఆ గోతుల్లో నువ్వు రోడ్డు చూసుకుంటున్నావు. కన్యాకుమారి పెట్టెలో పిల్లని పడుకోబెట్టిందని నీకు తెలుసు. అప్పుడు కన్యాకుమారి మొహం నువ్వు చూడలేదు. వెనక కిటికీలోంచి నేను చూశాను. కుదుపుకి పిల్ల తల ఊగిపోతుంటే ముందు రెండు చేతులా పట్టుకుంది. తర్వాత మూత ఎత్తింది. పానాలు తీసి కాళ్ళ దగ్గర పడేసింది. నీ చుట్టల డబ్బా వాసన చూసి మొహం చిట్లించి బయటకి విసిరేసింది. (అదెక్కడ పోయిందని నువ్వు అడిగితే ఎవరూ మాట్లాడలేదు, ఇప్పుడు తెలిసిందా?) తన దుప్పటి నాలుగు మడతలు వేసి లోపల పరిచింది. పిల్లని పడుకోబెట్టి, చెయ్యి తియ్యకుండా, వంగి ఏదో చెబుతోంది. నేను చెవి ఆనించాను.

"సూడే, సిలకలు. ఇటొకటి, అటొకటి. నీకోసమే లోపలికి తిరిగున్నాయి."

పిల్ల కళ్ళు తెరుచుకునే ఉంది. కన్యాకుమారి ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. పురిట్లో పోయిన తన బిడ్డకి చెప్పాల్సిన మాటలన్నీ ఆ గోతుల రోడ్డు మీద మా పిల్లకి చెప్పేసింది. జలుమూరు వచ్చేదాకా చెబుతూనే ఉంది. వెనకాల నేను పమిట నోట్లో కుక్కుకున్నాను, పద్మ వినకూడదని. పద్మ వింది. "అత్తే ఎత్తుకోవాలమ్మా ముందు" అంది.

ఒరే, ఇప్పుడు విను. ఈ ఆదివారం కాక పై ఆదివారం పిల్లని ఉయ్యాల్లో వెయ్యాలి. చీర ఉయ్యాల కట్టను. కొత్త ఉయ్యాల వద్దన్నాను, ఇప్పుడూ వద్దంటాను. నువ్వు బండి తీసుకురా. మా వాకిట్లోనే ఆపు, గుమ్మానికి ఎదురుగా. పేరంటాళ్ళు బండి చుట్టూ నిలబడి పాడతారు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. బండి తలుపులకి మామిడాకులు కడతానని మీ బావ ఇప్పటినుంచే అంటున్నాడు.

పిల్లని ఆ పెట్టెలో ముందుగా వేసేది కన్యాకుమారి. బిడ్డ పోయినదాని చేత వేయిస్తారా అని ఇక్కడ కొందరు గొణుగుతారు, నాకు తెలుసు. ఒకావిడ నిన్న గొణిగింది కూడా. ఆవిడకి నేను ఇచ్చిన జవాబు నీకు రాయలేను, నువ్వు మగాడివి.

మీ అక్క
జగ్గమ్మ


ఆమదాలవలస,
30-11-1968

అక్కకి,

ఆదివారం పొద్దున్నే వస్తున్నాం. మూత మరలు విప్పేశాను. పానాలు, కాగితాలు గోనెసంచిలో వేసి సీటు కింద తోశాను. మరచెంబు కన్యాకుమారి ఒళ్ళో పెట్టుకుంటానంది. చుట్టల డబ్బా గురించి ఇక మాట్లాడను.

నీ ఉత్తరం దానికి నేనే చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా. ఇకనుంచి ఉత్తరాలు ఇద్దరం కలిసే చదువుతాం. గొణిగే ఆవిడ దగ్గరికొచ్చేసరికి "వదిన ఏటందో" అని నవ్వింది. తర్వాత లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి పెళ్ళిచీర తీసి ఎండలో వేసింది. ఏడాదిన్నరగా ఆ చీర మడత విప్పలేదు.

ఉయ్యాలకి రంపం పట్టించానని బాధపడ్డావు కదా. నిన్న పెట్టె తుడుస్తుంటే చూశాను. అంచు పలకనే సోములు పైన, మూత కింద వాడాడు. నా పళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి.

చిలకలకి రంగులు వేసిస్తానని సోములు డబ్బాలు పట్టుకుని వచ్చాడు. కన్యాకుమారి పాక తలుపు దగ్గరే ఆపేసింది. "ఒద్దు. పిల్ల వాటిని అలాగే సూసింది. అలాగే ఉండనియ్యి" అంది.

వాకిట్లో బండి ఆపడానికి చోటు ఉంచమని బావకి చెప్పు.

నీ తమ్ముడు
ఎల్లాజీ